సన్నికల్లు మింగిన చేప

"నాన్నా, ఇసుక అంటే సిలికా అని నేను పరీక్షలో రాశాను, మార్కు కూడా వేశారు. మరి ఇదేంటి ముగ్గుపిండిలా ఉంది?"

ఎనిమిదో తరగతి అయిపోయిన మా అమ్మాయి ప్రశ్న ఇది. అడిగింది అండమాన్‌లోని నీల్ ద్వీపంలో, భరత్‌పూర్ బీచ్‌లో, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, గుప్పెడు ఇసుక నా ముక్కు దగ్గర పెట్టి. 2018లో ఈ దీవికి షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ అక్కడ పడవవాళ్ల దగ్గర్నుంచి కొబ్బరిబోండాల వాళ్ల దాకా అందరూ నీల్ అనే అంటారు. బీచ్‌ల పేర్లు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. మా అమ్మ అయితే ఏదో తీర్థయాత్రకి వచ్చినంత సంతోషపడింది. ప్రయాణం సంగతి ఎక్కువ రాయను. వైజాగ్ నుంచి చెన్నై, అక్కణ్ణుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం), అక్కణ్ణుంచి ఫెర్రీ, ఫెర్రీలో మా ఆవిడకి వాంతులు, అంతే.

అమ్మాయికి నేను చెప్పిన జవాబు: "అది ఇసుక కాదమ్మా, చాలావరకు చేప పెంట."

గుప్పెడు ఇసుక వెంటనే నీళ్లలోకి పోయింది. మా వాడు మాత్రం (వాడికి తొమ్మిదేళ్లు) ఆ మాట విన్న క్షణం నుంచి ఆ బీచ్‌ని ప్రేమించడం మొదలుపెట్టాడు.

ముందు సిలికా సంగతి తేల్చేద్దాం. పుస్తకంలో ఉన్నది తప్పు కాదు, కాకపోతే అది మన ఊరి నిజం. వైజాగ్ బీచ్‌లో ఉన్నదంతా తూర్పు కనుమల రాళ్లు లక్షల ఏళ్లపాటు ఎండకీ వానకీ అరిగి కొట్టుకొచ్చిన సరుకు. అందులో మెత్తటి ఖనిజాలు దారిలోనే మట్టయిపోతే, మొండిగా మిగిలేది క్వార్ట్జ్, అంటే సిలికా. దానితోపాటు గులాబీ రంగు గార్నెట్, నల్లటి ఇల్మెనైట్. అల వెనక్కి పోయినప్పుడు ఆర్కే బీచ్‌లో నల్ల చారలు కనిపిస్తాయి చూడండి, అవే. ఇసుక అనేది నిజానికి ఒక సైజు పేరు, పదార్థం పేరు కాదు. సుమారు మిల్లీమీటరులో పదహారో వంతు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా ఉన్న గింజ ఏదైనా ఇసుకే, అది రాయైనా, గాజైనా, గవ్వ ముక్కైనా. ఈ ఒక్క వాక్యం పుస్తకంలో వేసి ఉంటే మా అమ్మాయికి ఆ రోజు అంత షాక్ తగిలేది కాదు. మనం పిల్లలకి చెప్పే సైన్సులో సగం ఇంతే, ఒక మార్కు జవాబుకి సరిపోయేలా కత్తిరించి చెబుతాం.

నమ్మకపోతే పరీక్ష చేద్దాం అన్నాను. పొద్దున పోహాతో ఇచ్చిన నిమ్మచెక్క ఒకటి మా ఆవిడ సంచీలో ఉంది (ఫెర్రీ వాంతుల కోసం దాచుకున్నది). కొబ్బరిచిప్పలో చిటికెడు ఇసుక వేసి నిమ్మకాయ పిండాం. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే గింజ గింజకీ సన్నటి బుడగలు, సోడా పోసినట్టు చిమచిమలాడుతూ పైకొస్తున్నాయి. క్వార్ట్జ్ ఇసుక మీద మీరు బస్తా నిమ్మకాయలు పిండినా ఒక్క బుడగ రాదు. బుడగలొచ్చాయంటే అది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి జాతి.

మా అమ్మ వక్కపలుకు నములుతూ వంగి చూసి, "ఒరే, ఇది గుల్ల సున్నం సరుకేగా" అంది. ఆవిడ పుట్టిల్లు పులికాట్ సరస్సు వైపు. అక్కడ సరస్సులో దొరికే గుల్లల్ని బట్టీలో కాల్చి సున్నం చేసేవారు, ఇళ్లకి వేసేదీ, తమలపాకు మీద రాసుకునేదీ అదే. "నాలుగు గంపలు పోస్తే తూకానికి రెండు గంపలంతే మిగిలేదిరా, మిగతాది ఎటు పోయేదో" అంది. ఎటు పోయిందో ఇక్కడ లెక్క కట్టొచ్చు. 100 కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్‌ని కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. అంటే మనం నిలబడ్డ ఆ తెల్ల బీచ్ బరువులో దగ్గర దగ్గర సగం గాలిగా మారగల సరుకే, రాయి వేషంలో ఉంది.

ఇక ఆ రాయిని ఇసుక చేసినవాడి గురించి.

మర్నాడు పొద్దున మాస్క్ పెట్టుకుని నీళ్లలో తల ముంచాం. చాలామంది రంగులు చూసి ఆగిపోతారు, నేను మాత్రం పిల్లల్ని చెవులు పెట్టి వినమన్నాను. నీళ్లలో ఒక శబ్దం ఉంటుంది, పక్క గదిలో ఎవరో జంతికలు కొరుకుతున్నట్టు, కరక్, కరక్ అని. ఆ కొరికేవాడే ప్యారట్ ఫిష్, చిలక చేప అనుకుందాం. ఆకుపచ్చ, నీలం, గులాబీ కలిసిన ఒంటి రంగూ రామచిలకదే, మూతీ రామచిలకదే. పగడపు దిబ్బ (పగడపు జీవులు కట్టిన సున్నపురాయి గుట్ట) మీద వాలి ఒక గాటు పెడుతుంది, గీరు పడుతుంది, ఇంకో రెండు గాట్లు పెడుతుంది, కాస్త దూరం ఈదుతుంది, ఈదుతూ ఈదుతూ వెనకనుంచి తెల్లటి పొడి మేఘంలా వదులుతుంది. మా వాడు నీళ్లలోనే అరిచాడు, గొట్టంలోకి నీళ్లు పోయి దగ్గాడు, మళ్లీ ముంచాడు. ఆ మేఘం మెల్లగా కిందికి దిగి, కిందున్న ఇసుకలో కలిసిపోయింది. అంతే, ఇసుక తయారు.

రాయిని కొరకాలంటే పళ్లు ఎలాంటివై ఉండాలి? ఆ ముక్కు ఒకటే పన్నులా కనిపిస్తుంది గానీ, అది సుమారు పదిహేను వరసల్లో వెయ్యి దాకా చిన్న పళ్లు అతుక్కుని తయారైంది. అరిగిన వరస రాలిపోతుంటే వెనక వరస ముందుకొస్తుంది. ఆ పళ్ల పదార్థం ఫ్లోరాపటైట్ అనే ఫ్లోరైడ్ ఖనిజం. 2017లో అమెరికాలోని బర్కిలీ ల్యాబ్ వాళ్లు ఎక్స్‌రేలతో చూస్తే, దాని స్ఫటికాలు గొలుసుకట్టులా అల్లుకుని ఉన్నాయి. పన్ను కొస రాగి, వెండి కన్నా గట్టిదని తేలింది. మన పంటి ఎనామిల్ హైడ్రాక్సీఅపటైట్, ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుంటే పైపొరలో కొంత ఈ ఫ్లోరాపటైట్‌గా మారుతుంది, అందుకే పుచ్చు తగ్గుతుంది. అదే ఫ్లోరైడ్ తాగేనీళ్లలో మోతాదు మించితే నల్గొండలో ఎముకలు ఎలా వంగిపోయాయో మనకి తెలుసు. చేపకి వరం, మనకి పేస్టులో మందు, నీళ్లలో ఎక్కువైతే విషం.

కానీ నన్ను అడిగితే అసలు గొప్పతనం ముక్కులో లేదు, గొంతులో ఉంది. ముక్కు చేసేది గాటు పెట్టడం వరకే. దిబ్బ ముక్కలు గొంతులోకి దిగాక అక్కడ ఇంకో దవడ జత ఉంటుంది. మా ఇంట్లో మిక్సీ రాకముందు అమ్మ పచ్చడి నూరిన సన్నికల్లు గుర్తు తెచ్చుకోండి, కింద గంట్లు కొట్టిన రాయి కదలకుండా ఉంటుంది, పైన పొత్రం రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ తోస్తారు. చిలక చేప గొంతులో ఉన్నది అచ్చంగా అదే. కింది ఎముక మీద వరసలుగా పళ్లు, అవి సన్నికల్లు మీద గంట్లు. పై ఎముకల మీద ఇంకొన్ని వరసలు, అవి పొత్రం. పై ఎముకలు కింది దానిమీద ముందుకీ వెనక్కీ జారుతుంటే మధ్యలో రాయి నలిగి పొడవుతుంది. మన సన్నికల్లు నున్నబడితే వీధిలో "రోళ్లకీ సన్నికళ్లకీ గంట్లు కొడతాం" అని అరుస్తూ మనిషి వచ్చేదాకా ఆగాలి, ఇక్కడ అరిగిన పళ్ల వెనకే కొత్తవి మొలుచుకొస్తుంటాయి. గంట్లు కొట్టేవాణ్ణి కూడా చేప మింగేసిందన్నమాట. పచ్చడి నూరేటప్పుడు నీళ్లు చిలకరించినట్టు ఇది నోట్లో ఊరే జిగురు కలుపుతుంది.

ఇంత కష్టం రాయి కోసమా? కాదు. రాయిలో తిండి లేదు. దిబ్బ పైనా, పై పొర లోపలా పాచి, సైనోబాక్టీరియా లాంటి సూక్ష్మజీవులు కాపురముంటాయి, దాని కన్ను వాటి మీద. బండమీద పాచి కోసం బండనే తినేయడం లాంటిది. నూరకపోతే లోపల దాక్కున్నవి బయటికి రావు, అందుకే సన్నికల్లు.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. ఈ చేపకి జీర్ణాశయం లేదు, గొంతు నుంచి నేరుగా పేగే. ఉన్నా దండగే అనుకోండి. మన పొట్టలో యాసిడ్ ఉంటుంది కదా, పండగనాడు గారెలు ఎక్కువై మంటెత్తితే ఒక మాత్ర చప్పరిస్తాం, చాలా మాత్రల్లో ఉండేది ఈ కాల్షియం కార్బొనేటే, అది యాసిడ్‌ని చంపేసి గ్యాసు చేస్తుంది. రోజంతా సున్నపురాయి తినే జీవికి యాసిడ్ పొట్ట పెడితే, ఊరిన యాసిడ్ ఊరినట్టే హరించుకుపోతుంది, పైగా కడుపంతా బుడగలు. మా కొబ్బరిచిప్పలో నిమ్మరసానికి జరిగిందే దాని కడుపులో జరిగేది.

ఎంత ఇసుక చేస్తుంది అంటే, జాతిని బట్టీ సైజుని బట్టీ. వీటిలో తలమీద బొప్పి ఉండే ఒక భారీ రకం ఉంది, నాలుగడుగులు దాటి పెరుగుతుంది. ఒక్కో చేప ఏడాదికి 5 టన్నులకి పైగా దిబ్బని నమిలేస్తుందని ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో లెక్కగట్టారు. మన భాషలో సుమారు రెండు ట్రాక్టర్ల లోడు. పర్మిట్ లేదు, రీచ్ వేలం లేదు, రాత్రిపూట లారీలు లేవు. మాల్దీవుల్లో వక్కరు అనే దీవి చుట్టూ కొలిచి 2015లో ప్రచురించిన లెక్క ప్రకారం, అక్కడ కొత్తగా పుట్టే ఇసుకలో 85 శాతానికి పైగా చిలక చేపల వాటాయే. మరో పది శాతం హాలిమీడా అనే ఒక నాచుది, అది చచ్చాక దాని రేకులు కూడా సున్నపు ముక్కలే. దీవి మారితే వాటాలు మారతాయి, అలలు పిండిచేసిన గవ్వలూ, సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్ అనే జీవులు) గీకిన పొడీ కూడా కలుస్తాయి.

పగడం అనగానే మా బావమరిది తన ఉంగరం చూపించాడు, కుజుడికి శాంతి అని పెళ్లికి ముందు వేయించారట. ఆ ఎర్ర పగడం ఈ దిబ్బల్లోది కాదు, మధ్యధరా సముద్రం లాంటి చోట్ల దొరికే వేరే జాతి. కానీ అస్థిపంజరం అదే కాల్షియం కార్బొనేట్. "బావా, నిమ్మకాయ ఇంకో చెక్క ఉంది, పిండమంటావా?" అన్నాను. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. అంగారకుణ్ణి ఆపుతుందని నమ్మే రాయి పులిహోర కలిపినా మెరుపు పోగొట్టుకుంటుంది, ఆ నమ్మకం ఎలా నిలబడుతోందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పెళ్లి మాత్రం బాగానే సాగుతోంది, అది మా చెల్లెలి ఓపిక.

దిబ్బ కట్టేది పాలిప్ అనే పిసరంత జీవి. దాని ఒంట్లో అద్దెకుండే సూక్ష్మమైన ఆల్గే ఎండతో తిండి వండిపెడుతుంది, రంగులు కూడా చాలావరకు దానివే. కింద ఎముక మాత్రం ఎప్పుడూ తెలుపే. మన తీరంలో ఇలాంటి దిబ్బలు పెద్దగా పెరగకపోవడానికి గోదావరి, కృష్ణ తెచ్చే బురదా మంచినీళ్లూ కారణం, ఎండ లోపలికి దిగదు. నీళ్లు మామూలు వేసవి కన్నా ఒకట్రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి వారాలపాటు అలాగే ఉంటే పాలిప్ ఆ అద్దెవాళ్లని గెంటేస్తుంది, దిబ్బ తెల్లబడిపోతుంది. 2010 వేసవిలో అండమాన్‌లో పెద్దఎత్తున అదే జరిగింది. తెల్లబడి చచ్చిన దిబ్బ మీద పాచి కమ్మితే కొత్త పగడానికి నిలబడే చోటుండదు. ఆ పాచిని గీకేది మళ్లీ మన సన్నికల్లు చేపే. అందుకే బెలీజ్ దేశం 2009లో చిలక చేపల వేట నిషేధించింది.

ఇసుకగానీ పగడం ముక్కగానీ తేలేదు. పగడాలకి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, విమానాశ్రయంలో సంచులు తెరిచి చూస్తారు. మా అమ్మాయి దాచిన చిన్న తెల్ల కొమ్మని నేనే మళ్లీ నీళ్లలో వేయించాను, రెండు గంటలు మాట్లాడలేదు.

అయితే ఇంటికొచ్చాక నా చెప్పుల అడుగున గాడుల్లో ఇరుక్కున్న ఇసుక కనిపించింది, అర చెంచా ఉంటుంది. ఈసారి నిమ్మరసం వద్దన్నాను. దానితో కాల్షియం సిట్రేట్ తయారై తెల్లటి మడ్డిగా అడుగున పేరుకుంటుంది, అసలు ఎంత కరిగిందో తేలదు. ఫ్రైడ్ రైస్‌కి తెచ్చిన వెనిగర్ సీసా తీసి, గాజు గ్లాసులో పోసి, ఇసుక వేశాం. రాత్రంతా బుడగలొచ్చాయి. పొద్దున్నే అమ్మాయి గ్లాసు పట్టుకొచ్చి, "నాన్నా, అంతా కరగలేదు" అంది. అడుగున ఓ ఇరవై ముప్ఫై గింజలు, కొన్ని గాజులా, రెండు గులాబీ రంగువి, ఒకటి నల్లగా. కాసేపు చూసి తనే చెప్పింది.

"ఇవి ఆర్కే బీచ్‌వి. నువ్వు వెళ్లే ముందు ఆదివారం ఇవే చెప్పులు వేసుకున్నావు."