రాత్రి ఒంటిగంటకు గుండెనొప్పి వస్తే రిఫరల్ కోసం ఆగాలా? ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం)పై అపోహలు - వాస్తవాలు

ఆమధ్య ఒక రాత్రి ఒకటిన్నరకు ఫోన్ మోగింది. తెలిసిన రిటైర్డ్ హవల్దార్‌గారి అబ్బాయి. "అంకుల్, నాన్నకు ఛాతీలో నొప్పి, ఒళ్లంతా చెమటలు. పాలీక్లినిక్ పొద్దున ఎన్నింటికి తీస్తారు? రిఫరల్ కావాలి కదా?" అని అడిగాడు. పాలీక్లినిక్ అంటే ఈసీహెచ్ఎస్ సొంత క్లినిక్, రిఫరల్ అంటే పెద్ద ఆస్పత్రికి వెళ్లమని అక్కడి డాక్టర్ ఇచ్చే చీటీ. వెనక నుంచి వాళ్లమ్మగారు "కార్డు ఏ అరలో పెట్టారండీ" అంటూ బీరువా వెతకడం వినిపిస్తోంది. ఆ ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో గుండె ఆపరేషన్లు చేసే ఆస్పత్రి ఉంది. నొప్పి మొదలై అప్పటికే నలభై నిమిషాలైంది. ఆ ఆస్పత్రి ప్యానెల్‌లో, అంటే ఈసీహెచ్ఎస్‌తో ఒప్పందం ఉన్న ఆస్పత్రుల జాబితాలో, లేదని ఇంట్లోవాళ్లు కదల్లేదు. "కార్డు సంగతి తర్వాత, ముందు నాన్నను బండెక్కించు" అన్నాను. ఆయన బతికారు.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఈసీహెచ్ఎస్ డెస్క్ చూస్తున్నాను. 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈ పథకం పెన్షన్ తీసుకునే మాజీ సైనికులకు, వాళ్ల మీద ఆధారపడినవాళ్లకు చాలా పెద్ద అండ. ఎమర్జెన్సీ వచ్చేసరికి మాత్రం మన ఇళ్లలో ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. నా డెస్క్ దగ్గర తరచూ వినే మాటలు, వాటి వెనకున్న అసలు నిబంధనలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రిఫరల్ లేకపోతే ఏ ఆస్పత్రీ చేర్చుకోదు.

మామూలు జబ్బులకు దారి వేరు. సాధారణంగా ముందు పాలీక్లినిక్‌కు వెళ్లాలి, అక్కడి డాక్టర్ చూసి రిఫరల్ ఇస్తే ప్యానెల్ ఆస్పత్రికి వెళ్లాలి. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఈ వరుస వర్తించదు. నేరుగా దగ్గరున్న ఆస్పత్రికి వెళ్లొచ్చు. అది ప్యానెల్‌లో ఉన్నదైతే మంచిది. అక్కడ కార్డు చూపించి "ఎమర్జెన్సీ, ఈసీహెచ్ఎస్" అని చెబితే చాలు. 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కు సమాచారం ఇవ్వాల్సింది ఆ ఆస్పత్రే. పాలీక్లినిక్ ఆఫీసర్ ఇన్‌చార్జ్ వివరాలు సరిచూసుకుని తర్వాత రిఫరల్ ఇస్తారు. పేషెంట్ ఐసీయూలో ఉండగా కొడుకు పాలీక్లినిక్ మెట్ల మీద పడిగాపులు పడాల్సిన పని లేదు.

ఏవి ఎమర్జెన్సీ కిందకు వస్తాయో ఈసీహెచ్ఎస్ జాబితాలోనే ఉంది. గుండెపోటు, పక్షవాతం, మూర్ఛ, కోమా, ఊపిరి అందకపోవడం, కడుపులో తీవ్రమైన నొప్పితో వచ్చే అత్యవసర స్థితులు, కాన్పు సమయంలో వచ్చే ప్రమాదాలు, రోడ్డు ప్రమాదాలు, తల గాయాలు, కాలిన గాయాలు, విషం, పాముకాటు, షుగర్ అదుపు తప్పి వచ్చే కీటో అసిడోసిస్, ప్రాణాంతకమైన వడదెబ్బ, కిడ్నీలు హఠాత్తుగా పనిచేయకపోవడం, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్. డయాలసిస్ కూడా ఇందులో ఉంది. ఆలస్యమైతే ప్రాణమో, కాలో చెయ్యో పోతుందన్న ఏ పరిస్థితైనా ఈ జాబితాలోకే వస్తుంది. ఉన్నట్టుండి తీవ్రంగా బయటపడే మానసిక సమస్య కూడా ఉందని చాలామందికి తెలియదు. యూనిఫాం విప్పాక ఎన్నో ఏళ్లకు రాత్రుళ్లు నిద్రపట్టక, తమలో తామే కుమిలిపోయినవాళ్లను నేను చూశాను. ఇంట్లో ఎవరైనా చచ్చిపోతానంటే దాన్ని పరువు సమస్యగా చూడకండి. అదీ గుండెపోటులాగే ఎమర్జెన్సీ, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అపోహ: ప్యానెల్‌లో లేని ఆస్పత్రికి వెళ్తే ఒక్క రూపాయి కూడా తిరిగి రాదు.

ప్రాణాల మీదకు తెస్తున్నది ఈ మాటే. డెబ్బై కిలోమీటర్ల దూరంలో ప్యానెల్ ఆస్పత్రి ఉందని, దారిలో ఉన్న రెండు ఆస్పత్రులు దాటుకుని పేషెంట్‌ను తెచ్చినవాళ్లున్నారు. గుండెపోటులో మూసుకుపోయిన రక్తనాళాన్ని, ఆస్పత్రిలో అడుగుపెట్టాక గంటన్నరలోపు తెరవాలని డాక్టర్లు పరుగులు పెడతారు. రక్తనాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. ఈ సమయమంతా దారిలో కరిగిపోతే పెద్ద ఆస్పత్రికి చేరినా ఫలం ఉండదు.

నిజానికి ఎమర్జెన్సీలో ప్యానెల్‌లో లేని ఆస్పత్రిలో చేరినా ఖర్చు తిరిగి ఇస్తారు. తేడా ఏమిటంటే, ముందు డబ్బు మీరు కట్టాలి, తర్వాత క్లెయిమ్ పెట్టుకోవాలి. ఇక్కడ 48 గంటల్లోపు దగ్గర్లోని పాలీక్లినిక్‌కు తెలియజేయాల్సిన బాధ్యత కూడా మీదే. ఊరు కాని ఊళ్లో ఉంటే అక్కడికి దగ్గరున్న పాలీక్లినిక్‌కు చెప్పండి. ఫోన్ చేసి ఊరుకోవద్దు. మెయిలో, మెసేజో, చేతికిచ్చిన కాగితమో, ఏదో ఒక రుజువు మీ దగ్గర ఉండాలి. కార్డు నంబరు, పేషెంట్ పేరు, ఆస్పత్రి పేరు, చేర్చిన తేదీ, టైము, ఏ పరిస్థితిలో చేర్చారు అన్నవి రాస్తే సరిపోతుంది. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి.

ఇక క్లెయిమ్‌లో ఎక్కువ గొడవ వచ్చేది ఎక్కడో చెబుతాను. ఎమర్జెన్సీ అని నిరూపించాల్సింది సభ్యుడే. డిశ్చార్జ్ సమ్మరీలో "ఛాతీలో అసౌకర్యంతో వచ్చారు, యాంజియోగ్రామ్ చేశాం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, ఫైలు చూసే అధికారికి అది ముందే అనుకుని చేయించుకున్న పరీక్షలా కనిపిస్తుంది. ఒక నాయక్‌గారి భార్య ఫైలు ఇలాగే వెనక్కి వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో కాగితాలన్నీ మడతపెట్టి తెచ్చారు ఆవిడ. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచాం. సమ్మరీలో ఎక్కడా ఎమర్జెన్సీ అన్న మాట లేదు. అడుగున క్యాజువాలిటీ చీటీ దొరికింది. రాత్రి 2.40, బీపీ పడిపోయింది, చెమటలు, ఈసీజీలో మార్పులు అని డ్యూటీ డాక్టర్ చేతిరాత. దాన్ని పట్టుకుని ఆస్పత్రికి వెళ్లి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ రాయించుకుని మళ్లీ పెట్టాం. ఆ చీటీ లేకపోతే ఏం చేసేవాళ్లమో నాకు తెలియదు. అప్పటినుంచి నేను అందరికీ ఒకటే చెబుతున్నాను. డిశ్చార్జ్ అయ్యే రోజున, బిల్లు కట్టే ముందే సమ్మరీ చదవండి. ఎప్పుడు వచ్చారు, ఏ స్థితిలో వచ్చారు, వెంటనే వైద్యం ఎందుకు అవసరమైంది, ఈ మూడూ అందులో ఉండాలి. లేకపోతే అక్కడే రాయించండి. ఇంటికెళ్లాక అదే డాక్టర్ సంతకం కోసం వారం తిరగాలి.

ఆ రోజే తీసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి: ఆస్పత్రి ముద్ర, డాక్టర్ సంతకంతో ఎమర్జెన్సీ సర్టిఫికెట్, ఏ పద్దుకు ఎంతో విడివిడిగా చూపిన ఒరిజినల్ బిల్లు, కట్టిన రసీదులు, మందుల బిల్లులు, రిపోర్టులు. స్టెంటో, ఇంకేదైనా లోపల అమర్చే పరికరమో వేస్తే దాని స్టిక్కర్, ఇన్‌వాయిస్. అన్నీ ఒక సెట్ జెరాక్స్ తీసి ఇంట్లో పెట్టుకున్నాకే ఒరిజినల్స్ ఇవ్వండి. సభ్యుడు చనిపోతే క్లెయిమ్ పోదు, వారసులు పెట్టుకోవచ్చు. దానికి అఫిడవిట్, మిగతా వారసుల అంగీకార పత్రం కావాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఈ మాట ఎత్తడానికి అందరూ మొహమాటపడతారు. బంధువుల్లో ఒకరు ఆ పని తలకెత్తుకుంటే ఆ తల్లికి చాలా మేలు చేసినట్టు.

ఇంకో మాట. పేషెంట్ నిలకడగా ఉన్నారని డాక్టర్లు అన్నాక, ప్యానెల్ ఆస్పత్రికో మిలిటరీ ఆస్పత్రికో మార్చాలి. అదే ఆస్పత్రిలో ఇంకో పది రోజులు ఉంచితే ఆ పది రోజుల ఖర్చు మీద ప్రశ్నలు వస్తాయి. మార్చే స్థితి లేకపోతే ఆ సంగతి డాక్టర్‌తో రాయించుకోండి.

ప్యానెల్‌లో లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించారా? 2018లో శివకాంత్ ఝా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుపెట్టుకోండి. అది సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) కింద ఉన్న ఒక రిటైర్డ్ కేంద్ర ప్రభుత్వ అధికారి వేసిన కేసు. వైద్యం నిజంగా జరిగిందా, దానికి సరైన రికార్డు ఉందా అన్నది చూడాలి తప్ప, ఆస్పత్రి పేరు జాబితాలో లేదని మాత్రమే హక్కును కాదనకూడదని కోర్టు స్పష్టంగా చెప్పింది. అప్పీలు రాసేటప్పుడు దీన్ని ప్రస్తావించండి.

అపోహ: కట్టిందంతా తిరిగి వచ్చేస్తుంది.

దీన్ని నమ్మి అప్పులపాలైనవాళ్లున్నారు. రీయింబర్స్‌మెంట్ ఆస్పత్రి వేసిన బిల్లు ప్రకారం రాదు, సీజీహెచ్ఎస్ రేట్ల ప్రకారం వస్తుంది. కార్పొరేట్ ఆస్పత్రి బిల్లుకూ ఆ రేటుకూ మధ్య తేడా చాలానే ఉంటుంది, అది మీ జేబులోంచే పోతుంది. గది విషయంలోనూ హోదాను బట్టే లెక్క. హవల్దార్ వరకు జనరల్ వార్డు, జేసీఓలకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు) సెమీ ప్రైవేటు, ఆఫీసర్లకు ప్రైవేటు గది. అర్హతకు మించిన గది తీసుకుంటే ఆ తేడా కూడా మనదే. అందుకే అడ్మిషన్ కౌంటర్‌లో "ఏ రూమ్ కావాలి" అని అడిగితే తొందరపడి డీలక్స్ అనకండి. ప్రాణం కాపాడేది ఐసీయూలో జరిగే వైద్యం, గదిలోని టీవీ కాదు.

అపోహ: ప్యానెల్ ఆస్పత్రి అడ్వాన్స్ అడిగితే కట్టక తప్పదు.

ఈసీహెచ్ఎస్ సభ్యుడు ఎమర్జెన్సీలో వస్తే ప్యానెల్ ఆస్పత్రి డబ్బు అడగకూడదు. ఒప్పందంలోనే ఆ షరతు ఉంది. బిల్లుల బకాయిలు ఉన్నాయని కొన్ని ఆస్పత్రులు ముఖం చాటేస్తాయి, అది నిజమే. ఆస్పత్రివైపు కూర్చుని చెబుతున్నాను, ఆ ఇబ్బంది నాకూ తెలుసు. అయినా అది ఆస్పత్రికి, ప్రభుత్వానికి మధ్య ఉన్న లెక్క. స్ట్రెచర్ మీద ఉన్న మనిషి దాన్ని మోయకూడదు. అడ్వాన్స్ అడిగితే "అది రాసి ఇవ్వండి" అనండి. చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది. లేకపోతే పాలీక్లినిక్ ఆఫీసర్ ఇన్‌చార్జ్‌కు, రీజినల్ సెంటర్‌కు ఫిర్యాదు చేయండి. గత్యంతరం లేక కట్టాల్సివస్తే రసీదు తప్పకుండా తీసుకోండి, రసీదు లేని డబ్బు గురించి తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. సభ్యుడు నిజంగా కట్టాల్సినవి కొన్ని ఉంటాయి, పథకం పరిధిలోకి రాని వ్యక్తిగత వస్తువుల్లాంటివి. వాటికి కూడా విడిగా బిల్లు అడగండి.

అపోహ: నా పేరు మీద కార్డు ఉంది కాబట్టి ఇంట్లో అందరికీ వర్తిస్తుంది.

కార్డు ఒక్కొక్కరికి విడిగా ఉండాలి. అబ్బాయికి 25 ఏళ్లు నిండినా, ఉద్యోగం వచ్చినా, పెళ్లయినా అర్హత పోతుంది. అమ్మాయికి ఉద్యోగం వచ్చేవరకు లేదా పెళ్లయ్యేవరకు ఉంటుంది. వైకల్యం ఉన్న పిల్లలకు వయసు పరిమితి లేదు. అమ్మానాన్నల ఆదాయం నెలకు 9,000 రూపాయలు, దానిమీద కరువు భత్యం కలిపి వచ్చే మొత్తానికి మించకూడదు. సభ్యుడు చనిపోయాక భార్య తన పేరు మీద కార్డు మార్పించుకోవాలి. చాలామంది తల్లులు పాత కార్డుతోనే ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంటారు. ఒకరోజు రాత్రి కౌంటర్‌లో అది పనిచేయక కన్నీళ్లు పెట్టుకుంటారు. మీ చుట్టుపక్కల అలాంటి అమ్మ ఉంటే ఈ వారమే పక్కన కూర్చుని ఆన్‌లైన్ దరఖాస్తు నింపి పెట్టండి.

అపోహ: 70 ఏళ్లు దాటాయి, ఆయుష్మాన్ కార్డు కూడా తీసుకుంటే రెండు వైపులా లాభం.

2024 అక్టోబరులో 70 ఏళ్లు దాటిన అందరికీ ఏటా 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యం అంటూ ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించారు. ఈసీహెచ్ఎస్‌లో ఉన్నవాళ్లు మాత్రం ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఊళ్లో క్యాంపు పెట్టారని వేలిముద్ర వేసేముందు ఆలోచించండి. ఈసీహెచ్ఎస్‌లో ఆ 5 లక్షల పరిమితి లేదు, నెలనెలా మందులూ పాలీక్లినిక్‌లోనే వస్తాయి. నా ఉద్దేశంలో పెన్షనర్ దాన్ని వదులుకోకూడదు.

అపోహ: యాక్సిడెంట్ అయితే పోలీసులు వచ్చేదాకా ముట్టుకోరు.

1989లో పరమానంద్ కటారా కేసులోనే సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది, ముందు వైద్యం, తర్వాతే కాగితాలు. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ఇదే వర్తిస్తుంది. దానికి తోడు 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు నగదు లేని చికిత్స పథకం అమల్లో ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా. ఇది దేశంలో ఎవరికైనా వర్తిస్తుంది, మాజీ సైనికులకు కూడా.

అపోహ: యూనిఫాం వేసుకున్న ప్రతి ఒక్కరికీ ఈసీహెచ్ఎస్ ఉంటుంది.

ఇది ప్రధానంగా పెన్షన్‌తో ముడిపడిన పథకం. పెన్షన్ రాకుండా బయటికి వచ్చిన హవల్దార్, ఆ కింది ర్యాంకులవాళ్లకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రక్షామంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి వైద్య సహాయం అడిగే వీలుంది. డిశ్చార్జ్ బుక్, బిల్లులు పట్టుకుని అక్కడికి వెళ్లాలి. అగ్నివీరులకు నాలుగేళ్ల తర్వాత ఈసీహెచ్ఎస్ లేదని 2022 నాటి నిబంధనల్లోనే రాశారు. ఈమధ్య ఒక అగ్నివీర్ తండ్రి నా డెస్క్ దగ్గరికొచ్చి "మావాడు వచ్చాక కార్డుకు ఏమేం కావాలి సర్" అని ఆశగా అడిగారు. లేదని చెప్పడం కష్టమనిపించింది, అయినా చెప్పాను. అబ్బాయి ఇంటికొచ్చేలోపే కుటుంబానికంతా ఒక మంచి ఆరోగ్య బీమా చూసుకోమన్నాను. ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి, తేదీ వేసి ఆ మాట రాసుకున్నారు.