పార్థినాన్‌ని చూపించి గుడికి ఇనుప రాడ్లు వేయకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత రాతి గుళ్ల మరమ్మతులు నా వృత్తి. ఏ ఊరు వెళ్లినా ఎవరో ఒకరు ఫోన్ తీసి ఏథెన్స్‌లోని పార్థినాన్ అనే పాత గ్రీకు గుడి ఫోటో చూపిస్తారు. కింద ఒక ఫార్వర్డ్ ఉంటుంది: "చుక్క సున్నం లేదు, ముక్క ఇనుము లేదు, రాయి మీద రాయి పెట్టి రెండున్నర వేల ఏళ్లు నిలబెట్టారు." ఇంకో ఊళ్లో ఇంకో పెద్దాయన దానికి సరిగ్గా ఎదురు మాట అంటాడు: "ఆ గ్రీకు గుడిలో కూడా ఇనుమే వేశారట కదా సార్, మన మండపానికి వేస్తే తప్పేంటి?" రెండోదానితో నాకు ఎక్కువ పేచీ, ఎందుకంటే దాన్ని నమ్మినవాళ్లు వెంటనే పని మొదలుపెట్టేస్తారు.

అపోహ: పార్థినాన్‌లో ఇనుము లేదు.

సున్నం లేదన్నంత వరకు నిజం. ఊరికి పదహారు, పదిహేడు కిలోమీటర్ల దూరంలోని పెంటెలికాన్ కొండ నుంచి పాలరాయి తెచ్చి, ఒక రాయి అంచు ఇంకో రాయి అంచుకి వెంట్రుక కూడా దూరనంతగా కూర్చారు. రాయి ముఖమంతా నునుపు చేయలేదు. అంచుల వెంట మాత్రమే సన్నని పట్టీలా నున్నగా చెక్కి, మధ్యభాగాన్ని కొంచెం లోతుకి తీసి గరుకుగా వదిలేశారు. తాకేది అంచులు మాత్రమే కాబట్టి అతుకు అంత సన్నగా కుదిరింది. కానీ పక్కపక్క రాళ్లను ఒకదానికొకటి పట్టి ఉంచింది ఇనుప క్లాంపులే. ఇంగ్లీషు ఐ అక్షరం ఆకారంలో ఉండే ఆ క్లాంపులు ఈ కట్టడం నిండా ఉన్నాయి. పై వరసని కింది వరసకి పట్టి ఉంచేందుకు నిలువు డోవెల్స్ కూడా ఉన్నాయి. స్తంభాలు ఏకశిలలు కావు. గుండ్రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆ గుండ్రాళ్ల మధ్య ఇనుము బదులు చెక్క దిమ్మెలు, చెక్క మేకులు పెట్టారు. ఈ మధ్య కాలంలో మరమ్మతుకి విడదీసినప్పుడు కొన్నిచోట్ల ఆ చెక్క చెడకుండా దొరికింది.

అపోహ: వాళ్లు ఇనుము వేశారు కాబట్టి మనమూ వేయొచ్చు.

ఈ ఒక్క అపోహకి ఊళ్లు చెల్లించిన మూల్యం ఇంకే అపోహకీ చెల్లించి ఉండవు. పాత గ్రీకు మేస్త్రీలు క్లాంపుని గాడిలో పెట్టి, చుట్టూ కరిగించిన సీసం పోసేవారు. సీసం గడ్డకట్టాక ఇనుముకి గాలి, నీళ్లు తగలవు. పైగా అది మెత్తని లోహం, భూమి కదిలినప్పుడు కొంచెం నలిగి రాయి మీద ఒత్తిడి తగ్గిస్తుంది. అందుకే సీసం కప్పు చెదరని చోట క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు ఇనుము ఇప్పటికీ పనికొచ్చే స్థితిలో ఉంది.

ఇక అదే గుడికి తర్వాతి మరమ్మతులో ఏమైందో చూడండి. 1894 భూకంపంలో పార్థినాన్ దెబ్బతింది. 1898 నుంచి 1933 దాకా నికొలాస్ బలనోస్ అనే ఇంజినీరు చేతుల్లో, పార్థినాన్ ఉన్న అక్రోపోలిస్ కొండ మీది పనులు నడిచాయి. పడిపోయి ఉన్న ఉత్తర వరస స్తంభాలను 1920లలో మళ్లీ నిలబెట్టింది ఆయనే. ఈ రోజు మీరు ఫోటోల్లో చూసే రూపంలో ఆయన పని చాలానే ఉంది. ఆయన కూడా ఇనుమే వేశాడు, కానీ సీసం లేకుండా. సీసం ఖర్చు దండగ అనిపించిందో, కొత్త ఇనుము గట్టిదన్న ధీమానో, సీసాన్ని మాత్రం వదిలేశాడు. తన పెద్ద ఇనుప ముక్కలు పట్టడం కోసం బాగున్న పాత రాళ్లను కూడా తొలిపించాడు. ఏ రాయి అసలు ఎక్కడిదో పెద్దగా పట్టించుకోకుండా, సైజు సరిపోతే చాలని పెట్టించాడు.

తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, అసలు పరిమాణానికి కొన్ని రెట్లు పెరుగుతుంది. రాయి లోపల ఆ ఉబ్బుకి చోటుండదు కాబట్టి రాయే పగలాలి. కొన్ని దశాబ్దాల్లోనే బలనోస్ ఇనుము చుట్టూ పాలరాయి బీటలు తీసి, పెచ్చులుగా ఊడింది. రెండు వేల ఏళ్లకు పైగా నిలిచిన రాళ్లను ఒక్క తరం చేసిన మరమ్మతు పగలగొట్టింది. 1975లో గ్రీసు ప్రభుత్వం నిపుణుల కమిటీ వేసింది. 1981 భూకంపం తర్వాత పని ఇంకా ఆలస్యం చేయలేని పరిస్థితి వచ్చింది. అప్పటి నుంచి జరుగుతున్న పనిలో పెద్ద భాగం బలనోస్ ఇనుము పీకడమే. దాని బదులు టైటానియం పెడుతున్నారు, రాళ్లను వాటి అసలు చోట్లకి చేరుస్తున్నారు.

టైటానియం అనగానే "ఓహో, ఇంకా గట్టిది కాబట్టా?" అని అడుగుతారు. అందుకు కాదు. తుప్పు పట్టదు, అది ఒక కారణం. ఇంకో కారణం ఎంత చెప్పినా మన కాంట్రాక్టర్లకి ఎక్కదు: భూకంపం వస్తే ముందు టైటానియం సాగి లొంగిపోవాలి, పాలరాయి పగలకూడదు అని లెక్క కట్టి దాని మందం తగ్గిస్తారు. క్లాంపు పోతే కొత్తది వేసుకోవచ్చు, రాయి పోతే తెచ్చేదెక్కడ?

సిమెంటు పేరెత్తితే మండిపడే మా తోటివాళ్లకీ ఒక మాట. ఏథెన్స్‌లో టైటానియం రాడ్లను బిగించడానికి తెల్ల సిమెంటే వాడుతున్నారు. ఎంత, ఎక్కడ, రేపు తీయాలంటే వస్తుందా లేదా అన్నవి చూడాలి కానీ, సిమెంటుని అంటరానిదాన్ని చేస్తే ఒరిగేదేమీ లేదు.

ఒక పల్లెటూరి గుడి సంగతి. మండపం దూలం కింద ఎవరో ఎప్పుడో మామూలు ఇనుప రాడ్లు బిగించి సిమెంటుతో పూడ్చారు. నేను వెళ్లేసరికి సరిగ్గా రాడ్డు పొడవునా బీట ఉంది, దాని వెంట గోధుమరంగు కారిన మరకలు. పూజారి గారి భార్య పక్కకి పిలిచి, "కూలిపోతుందా బాబూ, కార్తీకానికి జనం వస్తారు" అని అడిగింది. ఆవిడ కళ్లలో భయం చూశాక, అంతకుముందు పని చేసినవాళ్ల మీద కోపం దాచుకోవడం కష్టమైంది. చందాలు పోగు చేసి, మంచే అనుకుని చేయించారు పాపం. దూలం కింద తాత్కాలికంగా ఊతలు పెట్టించి, జనాన్ని పక్క దారి నుంచి పంపించాం. రాడ్లు తీయడానికి, వేయడానికి పట్టినదానికంటే చాలా ఎక్కువ కాలం పట్టింది.

మీ ఊళ్లో ఇలాంటి మరక కనిపిస్తే టెన్షన్ పడి వెంటనే బీటలో సిమెంటు కూరకండి. ముందు ఫోటో తీసి తేదీ రాసుకోండి. బీటకి అడ్డంగా చిన్న గాజుపట్టీ అతికించండి, కదలిక ఉంటే అది చిట్లుతుంది. రాతిని వేలి కణుపులతో తట్టండి, గుల్ల శబ్దం వస్తే లోపల పెచ్చు విడిపోయినట్టే. దూలం కిందకి జారినట్టున్నా, ముక్కలు రాలుతున్నా ఇవేవీ చూస్తూ కూర్చోకుండా జనాన్ని దూరంగా ఉంచి ఇంజినీరుని పిలవండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడైతే వాళ్లకి చెప్పకుండా మేకు కూడా కొట్టకూడదు.

మిగతావి గబగబా.

పార్థినాన్ పాతదై కూలిపోయిందంటారు. కాదు, పేల్చేశారు. చర్చిగా, తర్వాత మసీదుగా మారి 17వ శతాబ్దంలో కూడా కప్పుతో నిలిచే ఉంది. వెనిస్ సేనలు ముట్టడిస్తున్నప్పుడు, అప్పట్లో ఊరిని ఏలుతున్న ఒట్టోమన్ తుర్కులు అందులో తుపాకిమందు దాచారు. 1687 సెప్టెంబరు 26న ఫిరంగి గుండు దాని మీద పడింది. నడిమి భాగం, కప్పు ఎగిరిపోయాయి. సుమారు 300 మంది చనిపోయారు.

గోల్డెన్ రేషియో (సుమారు 1:1.618 నిష్పత్తి) ప్రకారం కట్టారనేది రీల్స్ వాళ్ల ప్రాణం. ఫోటో మీద గీతలు గీస్తే ఎక్కడో ఒకచోట కలవకుండా ఉంటాయా? కొలతల్లో నిజంగా పదే పదే కనిపించేది 4:9. స్తంభాలు నిలిచిన వేదిక వెడల్పు 30.9 మీటర్లు, పొడవు 69.5, లెక్క వేసుకోండి. ఆ వేదిక నడుమ కొంచెం ఉబ్బి ఉంటుంది, పొడవు వైపున సుమారు 11 సెంటీమీటర్లు. కంటికి కుంగినట్టు కనిపించకుండా అలా చేశారని రోమన్ రచయిత విట్రూవియస్ చెప్పాడు. వాన నీళ్లు పోవడానికీ అది పనికొస్తుంది. కుంగిపోయిందని రాసేవాళ్లు మాత్రం దయచేసి ఆపండి.

తెల్లగా ఉండేదనీ అంటారు. నీలం, ఎరుపు రంగులు ఉండేవి, జాడలు దొరికాయి. బ్రిటిష్ మ్యూజియంలో 1937–38లో తెల్లగా కనిపించాలని అక్కడున్న కొన్ని పార్థినాన్ శిల్పాలను రాగి పనిముట్లతో గీకేశారు. ఇసుక బ్లాస్టింగ్‌తో గోపురాలు "కొత్తగా" చేయించే కమిటీలు ఇది రెండుసార్లు చదవండి.

అందరూ లోపలికి వెళ్లి పూజ చేసేవారా? బలులు, జాతర బయటి బలిపీఠం దగ్గర. ఎథీనా దేవతకి ఉత్సవంలో వస్త్రం సమర్పించేది కూడా వేరే పాత చెక్క విగ్రహానికి. పార్థినాన్‌లో శిల్పి ఫిడియాస్ చేసిన బంగారం, దంతాల విగ్రహం ఉండేది, సుమారు 12 మీటర్లు. అవసరమైతే ఆ బంగారం విప్పి యుద్ధానికి వాడుకోవచ్చని అప్పటి ఏథెన్స్ నాయకుడు పెరిక్లీసే అన్నాడు. అంటే ఆ గుడి ఖజానాగా కూడా పనికొచ్చేది.

బానిసలే కట్టారా? పక్కనున్న ఎరెక్తియాన్ అనే గుడి కూలి లెక్కలు రాతి మీద మిగిలాయి. అందులో పౌరులు, పరదేశీయులు, బానిసలు ఒకే పని చేసి ఒకే రోజుకూలి, ఒక ద్రాక్మా (అప్పటి వెండి నాణెం), లెక్కలో కనిపిస్తారు. బానిస కూలి యజమాని జేబులోకే పోయి ఉంటుంది, అది వేరే సంగతి.

చివరగా, అమెరికాలోని మన బంధువులు పంపే "చెక్కుచెదరని పార్థినాన్" ఫోటో. అది టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో ఉన్న నకలు. మొదట 1897 ఎగ్జిబిషన్ కోసం తాత్కాలికంగా కట్టి, 1920లలో కాంక్రీటుతో మళ్లీ కట్టారు. వెక్కిరించాల్సిన పని లేదు. లోపల ఎథీనా విగ్రహం పూర్తి ఎత్తున నిలబడి ఉంది. ఏథెన్స్ గుడిలో ఆ విగ్రహం ఎప్పుడో మాయమైంది కాబట్టి, లోపల నిలబడి తలెత్తి చూస్తే ఎలా ఉండేదో తెలియాలంటే నాష్‌విల్‌కే వెళ్లాలి.