తూము తాళం ఎవరి చేతిలో ఉండాలి: బ్రౌజరుకూ సర్వరుకూ మధ్య భద్రత నడిచిన దారి

భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల పట్టుబడి జరిగే రోజున చెరువు గట్టు మీద కాటా పక్కనే ఒక ఫోను కూడా ఉండడం ఇప్పుడు మామూలు దృశ్యమే. కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో లెక్కపెట్టి కౌంట్ తేలుస్తారు. ఆ కౌంటుకు ఆ రోజు ధర ఎంతో ఫోనులో చూస్తారు. తూకం అంకె కొట్టిన మరుక్షణం రైతుకు రావలసిన మొత్తం తెర మీదకు వచ్చేలా అప్లికేషను రాయడం నేటి కుర్రవాళ్లకు కష్టమైన పని కాదు. లెక్కా, పట్టికా, గ్రాఫూ ఫోనులోని బ్రౌజరులోనే తయారవుతాయి. అసలు దస్త్రం మాత్రం ఎక్కడో దూరాన సర్వరులో ఉంటుంది. తెర పంపిన మాటలో సర్వరు దేన్ని నమ్మవచ్చు, దేన్ని తనంతట తాను మళ్లీ సరిచూసుకోవాలి అన్న ప్రశ్నకు దాదాపు ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియకపోతే, ఇవాళ్టి ప్రోగ్రామర్లను విసిగించే టోకెన్లూ (లాగిన్ అయ్యాక ఇచ్చే గుర్తింపు చీటీలు), అనుమతులూ, మాటిమాటికీ లాగిన్ అడగడాలూ అర్థంలేని తతంగంలా కనిపిస్తాయి.

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కింద పండే ఈ డెల్టాలో అందరికీ తెలిసిన ఒక ఏర్పాటు ఇక్కడ పనికివస్తుంది. కాలువ తూము షట్టరు ఎత్తేదీ దించేదీ నీటిపారుదల శాఖ తరఫున లస్కరు. చేలో మడవ తిప్పుకునేది రైతు. మడవ ఎలా వేసుకున్నావని శాఖ అడగదు, అలాగే మడవ తెరిచి ఉంది కదా అని తూము ఎత్తదు. బ్రౌజరు మడవ వంటిది, సర్వరు తూము వంటిది. వెబ్ చరిత్రలో జరిగిన పెద్ద ప్రమాదాలలో చాలావాటికి మూలం, తూము తాళాన్ని సదుపాయం పేరుతో మడవ దగ్గర వేలాడదీయడమే.

మొదట్లో ఈ సమస్య లేదు. రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ శాఖ కార్డ్ పేరుతో దస్తావేజుల పనిని కంప్యూటర్లకు మార్చినప్పుడు, యంత్రమూ దాన్ని నడిపే మనిషీ సబ్ రిజిస్ట్రారు కార్యాలయం కప్పు కిందే ఉన్నారు. పౌరుడు కౌంటరుకు ఇవతల నిలబడేవాడు, కీబోర్డు అవతల ఉండేది. వినియోగదారు చేతిలోనే ప్రోగ్రాము నడవడం మొదలైన తర్వాత గాని, ఆ ప్రోగ్రాము మన మనిషా పరాయి మనిషా అన్న సందేహం పుట్టలేదు.

వెబ్ విషయానికి వస్తే, దాని మూల నియమావళి అయిన హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. ప్రతి అభ్యర్థనా దానికి కొత్త ముఖమే. ఈ లోటు తీర్చడానికి నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లీ 1994లో కుకీని రూపొందించాడు: సర్వరు ఇచ్చిన చిన్న చీటీని బ్రౌజరు దాచుకుని, మళ్లీ అదే సర్వరు దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ చూపిస్తుంది. మరుసటి ఏడాది, 1995లో, అదే సంస్థ నుంచి దారిలో ఎవరూ చదవకుండా మాటను గుప్తంగా పంపే ఎస్‌ఎస్‌ఎల్ వచ్చింది. బ్రెండన్ ఐక్ చేతుల మీదుగా జావాస్క్రిప్టూ వచ్చింది. పేజీలోకి ప్రోగ్రాము ప్రవేశించగానే ఒక కట్టుబాటు తప్పనిసరి అయింది. ఒక సైటు నుంచి వచ్చిన స్క్రిప్టు మరో సైటు పేజీలోని సమాచారాన్ని చదవరాదన్న ఆ నియమాన్నే సేమ్ ఆరిజిన్ పాలసీ అంటారు. ఇందులో ఒక మెలిక ఉంది, తర్వాతి కష్టాలలో సగం దాని నుంచే వచ్చాయి: వేరే సైటు ఇచ్చిన జవాబును చదవడాన్నే ఈ నియమం అడ్డుకుంటుంది, ఆ సైటుకు అభ్యర్థన పంపడాన్ని అంతగా అడ్డుకోదు, పైగా కుకీ ఎవరు పంపమన్నారో చూడకుండా, అభ్యర్థన ఎటు పోతే అటు వెంట పోతుంది. బ్యాంకు సైటులో లాగిన్ అయి ఉన్న మనిషి మరో కిటికీలో మోసపు పేజీ తెరిస్తే, ఆ పేజీ బ్యాంకుకు పంపే ఆజ్ఞకు కూడా అతని కుకీయే సాక్ష్యం పలుకుతుంది. దీనికి సీఎస్‌ఆర్‌ఎఫ్ అన్న పేరు 2001లో స్థిరపడింది. ప్రధాన బ్రౌజర్లలో ఒకటైన క్రోమ్, వేరే సైటు నుంచి పుట్టిన ఇలాంటి అభ్యర్థనల వెంట కుకీ పోకుండా ఉండడాన్ని తన సహజ ప్రవర్తనగా మార్చుకోవడానికి 2020 పట్టింది.

రిచ్ క్లయింట్, అంటే పనిలో ఎక్కువ భాగం బ్రౌజరులోనే జరగాలనే ఊహకు బలం వచ్చింది మాత్రం, బ్రౌజరుకు విడిగా తగిలించుకునే ఫ్లాష్ అనే ప్లగిన్ వల్ల. పేజీ మొత్తం మళ్లీ మళ్లీ తెచ్చుకునే పద్ధతి మీద విసుగుతో, డెస్క్‌టాప్ ప్రోగ్రాములా చురుకుగా పనిచేసే వెబ్ అప్లికేషన్ల కోసం మాక్రోమీడియా సంస్థ 2002లో రిచ్ ఇంటర్నెట్ అప్లికేషన్ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది. 2004లో అలాంటివి ఫ్లాష్ మీద కట్టడానికి ఫ్లెక్స్‌ను విడుదల చేసింది. 2005 చివర అడోబీలో కలిసిపోయింది. ఫ్లెక్స్ తెర వెనక ఉన్న జావా సర్వరుతో ఏఎంఎఫ్ అనే బైనరీ రూపంలో మాట్లాడేది. ఈ బైనరీ రూపమే ప్రోగ్రామర్లకు ఒక తప్పుడు ధైర్యాన్ని ఇచ్చిందని నా అభిప్రాయం. కంటికి చదవడానికి రానిది రహస్యమేనన్న భ్రమలో, ధర లెక్కలూ, అధికారి ఎవరు గుమస్తా ఎవరు అన్న తేడాలూ, ఒక్కొక్కసారి పాస్‌వర్డులూ కూడా ఫ్లాష్ ఫైలులోనే పెట్టినవారు ఉన్నారు. ఆ ఫైలును విప్పి చదివే ఉపకరణాలు అప్పటికే బజారులో ఉన్నాయి. గుమస్తాకు బొత్తాం కనిపించకుండా దాచడం వేరు, ఆ బొత్తాం చేసే పనిని సర్వరు దగ్గర అతనికి నిరాకరించడం వేరు. మొదటిది చేసి రెండోది మరచిన అప్లికేషన్లు నేటికీ తయారవుతూనే ఉన్నాయి.

ఫ్లాష్‌కు బ్రౌజరు నియమంతో పాటు తనదైన మరో నియమం ఉండేది. ఒక సైటు ఫ్లాష్ ప్రోగ్రాము మరో సైటు నుంచి సమాచారం తెచ్చుకోవాలంటే, ఆ రెండో సైటు తన గుమ్మంలో క్రాస్‌డొమైన్.ఎక్స్‌ఎంఎల్ అన్న ఫైలు ఉంచి, ఫలానావారు రావచ్చునని రాయాలి. ఏర్పాటు మంచిదే. అయితే పేర్లు రాసే ఓపిక లేనివారు అందులో ఒక్క నక్షత్రం గుర్తు పెట్టి ఊరుకున్నారు, అంటే ఎవరైనా రావచ్చునని అర్థం. లాగిన్ ఉన్న సైటు ఆ పని చేస్తే, ప్రపంచంలో ఏ మూల ఉన్న ఫ్లాష్ ఫైలు అయినా, దాన్ని తెరిచిన వినియోగదారు కుకీతోనే లోపలికి వెళ్లి అతని సమాచారం చదవగలదు. మైక్రోసాఫ్ట్ 2007లో తెచ్చిన సిల్వర్‌లైట్ కూడా ఇలాంటి అనుమతి ఫైలునే ఆశ్రయించింది, దానితో పాటే ఆ బలహీనతనూ వారసత్వంగా తీసుకుంది. సర్వరు పక్షానా గట్టు పటిష్ఠంగా లేదు: ఫ్లెక్స్ తెరలను జావాకు కలిపే బ్లేజ్‌డీఎస్‌లో, ఎక్స్‌ఎంఎల్ అనే రూపంలో వచ్చిన సమాచారాన్ని అతిగా నమ్మడం వల్ల సర్వరులోని ఫైళ్లను బయటివాళ్లు చదవగలిగే లోపం ఉందని 2010 ఫిబ్రవరిలో అడోబీయే ప్రకటించి సవరణ ఇచ్చింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ముగిసింది గాని, అది నేర్పిన పాఠాలు వేరే పేర్లతో తిరిగివచ్చాయి.

ఫ్లాష్ వెలుగులో ఉన్న రోజుల్లోనే, ప్లగిన్ అవసరం లేని దారి ఒకటి నెమ్మదిగా తెరుచుకుంది. ఈమెయిలును బ్రౌజరులో చూపించే అవసరం కోసం మైక్రోసాఫ్ట్ 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఐదో వెర్షన్‌లో పెట్టిన ఒక చిన్న సదుపాయం, పేజీ మార్చకుండానే సర్వరుతో మాట్లాడనిచ్చేది. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ దాని సత్తా చూపించాయి. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ దానికి అజాక్స్ అని పేరు పెట్టాడు. అదే ఏడాది అక్టోబరులో సామీ కామ్కార్ అనే కుర్రవాడు మైస్పేస్‌లో తన పరిచయ పేజీలో ఒక స్క్రిప్టు దాచాడు. ఆ పేజీ చూసినవారి తరఫున ఆ స్క్రిప్టే అభ్యర్థనలు పంపి, అతన్ని స్నేహితుడిగా చేర్చి, వాళ్ల పేజీల్లోకి తనను తాను నకలు చేసుకుంది. 20 గంటల్లో పది లక్షలకు పైగా ఖాతాలకు పాకింది. సేమ్ ఆరిజిన్ నియమం ఇక్కడ నిస్సహాయంగా నిలబడింది, ఎందుకంటే దొంగ బయటి నుంచి రాలేదు. వినియోగదారు రాసిన అక్షరాలను వడపోయకుండా పేజీలో పెట్టిన సైటే వాడికి ఇంట్లో మంచం వేసింది.

దారిలో దొంగతనం సంగతి 2010లో బట్టబయలైంది. అప్పటికి చాలా సైట్లు పాస్‌వర్డు కొట్టే పేజీకి మాత్రమే గుప్తలిపి వాడి, ఆ తర్వాత కుకీని బహిరంగంగా పంపేవి. ఆ ఏడాది అక్టోబరులో ఎరిక్ బట్లర్ విడుదల చేసిన ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపుతో, తాళం లేని వైఫై మీద పక్కవాడి కుకీని ఒక్క నొక్కుతో తీసుకుని అతనిలా లోపలికి వెళ్లడం సాధ్యమైంది. లోపం నిపుణులకు పాతదే. సామాన్యుడి చేతికి అందడమే కొత్త. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ, సైటంతా గుప్తలిపి వాడడానికి కావలసిన సర్టిఫికెట్లను ఉచితంగా అందరికీ అందుబాటులోకి తెచ్చిన తర్వాత, ఖర్చు అన్న సాకు కూడా పోయింది.

2014 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ఖాయమైన కోర్స్ (సీఓఆర్ఎస్) విధానం, పాత క్రాస్‌డొమైన్ ఫైలు పనిని, ప్రతి జవాబు వెంట పంపే హెడర్లు అనే చిన్న సూచనల్లోకి మార్చింది. దీన్ని గురించిన అపోహ ఒకటి నేటికీ కళాశాలల నుంచి వచ్చే కుర్రవాళ్లలో బలంగా ఉంది: కోర్స్ సర్వరును కాపాడుతుందని వారు అనుకుంటారు. అది కాపాడేది బ్రౌజరు ముందు కూర్చున్న మనిషిని. బ్రౌజరే లేకుండా నేరుగా అభ్యర్థన పంపే ప్రోగ్రాముకు ఆ హెడర్లతో నిమిత్తం లేదు. ఇటు బ్రౌజరు అభ్యర్థనను ఆపి ఎర్ర అక్షరాల్లో దోషం చూపగానే మళ్లీ అదే నక్షత్రం పెట్టి పని అయిందనుకోవడమూ చూస్తూనే ఉన్నాం. కుకీలతో వచ్చే అభ్యర్థనలకు నక్షత్రాన్ని బ్రౌజర్లు ఒప్పుకోవు కనుక, ఈసారి కొందరు ఏ సైటు అడిగినా దాని పేరునే అనుమతిగా జవాబులో తిరిగి రాసి పంపిస్తున్నారు. ఫలితం నక్షత్రం కన్నా ఘోరం.

యాంగులర్, రియాక్ట్ వంటి జావాస్క్రిప్టు ఉపకరణాలు వ్యాపించి పేజీ మొత్తం బ్రౌజరులోనే పుట్టడం మొదలయ్యాక, గుర్తింపు చీటీ ఎవరు ఇవ్వాలి, ఎక్కడ దాచాలి అన్నది ప్రధాన చర్చ అయింది. ఒక అప్లికేషనుకు అనుమతి టోకెను ఎలా ఇవ్వాలో చెప్పేది ఓఆథ్; 2012 అక్టోబరులో వచ్చిన దాని రెండో ప్రమాణం, బ్రౌజరు అప్లికేషన్ల కోసం ఇంప్లిసిట్ అనే అడ్డదారిని అనుమతించింది: టోకెను నేరుగా చిరునామా వరుసలోనే వచ్చి పడుతుంది. అప్పటి బ్రౌజర్ల పరిమితుల దృష్ట్యా అది అర్థం చేసుకోదగిన రాజీయే. కానీ బ్రౌజరు చరిత్రలో మిగిలిపోయే టోకెను తాళంచెవిని చూరులో పెట్టి వెళ్లడం లాంటిది. 2015లో మొబైల్ అప్లికేషన్ల కోసం వచ్చిన పిక్సీ పద్ధతిలో, అడిగేవాడు అప్పటికప్పుడు ఒక రహస్యం పుట్టించి, చివర్లో దాన్ని చూపితే గాని టోకెను చేతికి రాదు. ఈ పద్ధతి క్రమంగా బ్రౌజర్లకూ పాకింది. 2025 జనవరిలో వెలువడిన ఓఆథ్ భద్రతా మార్గదర్శకం ఇంప్లిసిట్‌ను వాడవద్దని చెప్పింది. టోకెనును లోకల్ స్టోరేజీలో, అంటే బ్రౌజరు సైటుకు ఇచ్చే అరలో ఉంచితే పేజీలో దూరిన ఏ స్క్రిప్టయినా చదవగలదు. అందువల్ల టోకెన్లను బ్రౌజరుకు ఇవ్వకుండా, మధ్యలో ఒక చిన్న సర్వరు తన దగ్గరే ఉంచుకుని, బ్రౌజరుకు మాత్రం స్క్రిప్టుకు కనిపించని కుకీని ఇచ్చే పద్ధతి మళ్లీ ఆదరణ పొందుతోంది. ముప్పై ఏళ్లు తిరిగి 1994 నాటి చీటీ దగ్గరకే వచ్చాం, కాకపోతే దానికిప్పుడు కాపలా ఉంది.

ఇంత చేసినా మిగిలిపోయే లోపం అతి మామూలుది. 2019లో వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ, ప్రోగ్రాములు సర్వరుతో మాట్లాడే ద్వారాలైన ఏపీఐల ప్రమాదాల జాబితా ప్రకటించినప్పుడు మొదటి స్థానం దానికే దక్కింది: లాగిన్ సరిగ్గానే ఉంది, టోకెను అసలైనదే, కానీ అడిగిన దస్త్రం అడిగినవాడిదేనా అని సర్వరు చూడలేదు. చెరువు రైతు తన పట్టుబడి చీటీ సంఖ్య 4510 బదులు 4511 అని పంపితే పక్క రైతు కౌంటూ, ధరా, సొమ్మూ కనిపిస్తాయి. ధర కోసం బేరం ఆడే చోట ఆ సమాచారం విలువ ఎంతో చెప్పనక్కరలేదు. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం, తగిన భద్రతా ఏర్పాట్లు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని చెబుతున్నందున, వివరాలు సేకరించే చిన్న కొనుగోలుదారులు కూడా ఈ తనిఖీని వాయిదా వేయడానికి వీల్లేదు.

ఇక మన చెరువు గట్లకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. శివారు గ్రామాల్లో సిగ్నలు అందని చెరువులు ఉన్నాయి. పట్టుబడి తెల్లవారుజామున జరుగుతుంది. ఒకే ఫోను గుమస్తా నుంచి కాపలాదారు చేతికి, అక్కడి నుంచి లారీ మనిషి చేతికి మారుతుంది. కాబట్టి తూకాలు ఫోనులోనే నిలిచి, సిగ్నలు వచ్చాక సర్వరుకు చేరతాయి. అప్పటికి టోకెను గడువు తీరి ఉండవచ్చు. ఫోను గడియారాన్ని ఎవరైనా వెనక్కి తిప్పి ఉండవచ్చు. ధర రెండు రోజుల్లో మారి ఉండవచ్చు. ధరను ఫోనే పంపితే అది మడవ చెప్పినట్టు తూము ఎత్తడమే అవుతుంది. సర్వరు ఆ రోజు ధరల పట్టికకు డిజిటల్ సంతకం చేసి ముందే ఇచ్చినా, పాత పట్టికల్లోంచి తనకు అనుకూలమైనదాన్ని ఫోను ఎంచుకోకుండా ఆపలేదు. కనుక కొంత మేలైన పద్ధతి ఏమిటంటే, మనిషి చెరువు దగ్గరకు బయలుదేరే ముందే సర్వరు ఆ రైతు పేరున, ఆ రోజు ధరలతో ఒక చీటీ తెరిచి సంఖ్య ఇవ్వడం. గట్టు మీద ఫోను ఆ చీటీలో కౌంటూ తూకమూ మాత్రమే నింపడం. సొమ్ము లెక్కను సర్వరు తన పట్టికతో మళ్లీ కట్టడం. కాటా మీద అంకె నిజమా కాదా అన్నది మాత్రం ఏ టోకెనూ తేల్చలేదు. దానికి ఇప్పటికీ రైతూ గుమస్తా ఇద్దరూ కాటా దగ్గర నిలబడి చూసుకుంటున్నారు.