భరిణెలో పాలపన్ను

పోయిన వేసవిలో విశాఖ ఎంవీపీ కాలనీలో మా పక్క వాటా ఆవిడ ఒక కుంకుమ భరిణె తెచ్చి, నా ముందు మూత తీశారు. లోపల దూదిలో పాలపన్ను. పదమూడేళ్ల కొడుకు రుషికొండ దగ్గర అలల్లో పోయి అప్పటికి నాలుగేళ్లు.

"మాస్టారూ, గొర్రెపిల్లను చేశారంటారు కదా. దీన్నుంచి మావాణ్ణి చెయ్యలేరా?"

ఏళ్ల తరబడి ఎండిన పంటిలో ప్రాణమున్న కణం మిగలదు. ఆ ఒక్క ముక్క చెప్పి ఆవిడను పంపేయడానికి మనసొప్పలేదు. జువాలజీ పాఠం చెప్పినట్టే మొదటి నుంచీ చెప్పాను.

ఒక ప్రాణి నుంచి అవే జన్యువులున్న ఇంకో ప్రాణిని పుట్టించడమే క్లోనింగ్. మొక్కల్లో అది మనకు పాతదే. పూర్ణా మార్కెట్లో దిగే అరటిగెలలు పిలకల పంటే, అంటు మామిడీ అంతే. గ్రీకులో క్లోన్ అంటే రెమ్మ అనే అర్థం. జంతువుల్లో అలా కాదు. ఒక అండంలోని కేంద్రకాన్ని, అంటే జన్యువులుండే భాగాన్ని, సన్నటి గాజు సూదితో లాగేస్తారు. వేరే జంతువు శరీరకణాన్ని దానికి చేర్చి, కాస్త కరెంటు తగిలించి కలుపుతారు. పిండం ఎదిగితే ఇంకో తల్లి గర్భంలో పెడతారు. స్కాట్లాండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో 1996 జులై 5న డాలీ అనే గొర్రెపిల్ల పుట్టింది ఇలాగే, ఆరేళ్ల గొర్రె పొదుగు కణం నుంచి.

277 అండాలు కలిపితే పనికొచ్చిన పిండాలు 29. వాటిని 13 గొర్రెల్లో పెడితే పుట్టింది ఒక్క డాలీ. 2018లో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించిన కోతుల లెక్క: 79 పిండాలు, 21 తల్లులు, 2 పిల్లలు. మన హర్యానాలోని కర్నాల్‌లో 2009లో పుట్టిన క్లోన్ గేదెదూడ కొద్దిరోజులకే చనిపోయింది.

ఈ లెక్కల్లో గొర్రె అన్నచోట ఆడమనిషి అని చదువుకోండి. అండాల కోసం హార్మోన్ ఇంజెక్షన్లు ఎవరు చేయించుకోవాలి? పోయే గర్భాలు ఎవరివి? డబ్బు అవసరం తరిమిన ఆడవాళ్లే ఆ 13 మంది, ఆ 21 మంది అవుతారు. నాకు క్లోనింగ్ అన్యాయంగా కనిపించేది ముందు ఇక్కడే. దేవుడి పనిలో వేలు పెట్టడమనే వాదన తర్వాత. మనిషిని ఇలా పుట్టించడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు నిషేధించాయి కూడా.

"ఇవన్నీ దాటితే? ఎప్పటికైనా?" అన్నారావిడ.

"దాటినా వచ్చేది మీవాడు కాదమ్మా."

2001లో టెక్సస్‌లో మూడు రంగుల పిల్లిని క్లోన్ చేస్తే, సీసీ అనే ఆ పిల్లకు నారింజ రంగే రాలేదు. ఆడపిల్లి కణాల్లో జన్యువుల్ని మోసే పోగుల్లో ఎక్స్ క్రోమోజోములు రెండుంటే ఒకటి మూతబడిపోతుంది. శాస్త్రవేత్తల చేతికి దొరికిన కణంలో మూతబడింది నారింజ జన్యువున్నదే. మన కవలల్ని చూడండి, డీఎన్ఏ ఒకటే అయినా ఇద్దరి తీరూ ఒకటి కాదు.

ఆవిడ చాలాసేపు పన్నునే చూస్తూ ఉండిపోయారు. "ఎలా ఉంటేనేం మాస్టారూ. ఈసారి మాత్రం వాణ్ణి సముద్రం వైపు పోనివ్వను."

నా గుండె కలుక్కుమంది. ఇంకా పుట్టని పిల్లాడికి అప్పుడే కంచె. వాడు ఈత నేర్చుకుంటానంటే? పోయినవాడు ఇష్టంగా తిన్న కూర వీడికి సయించకపోతే? పద్నాలుగో ఏడు వచ్చేదాకా ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి వాడికేసే చూస్తారు. ఎంత ప్రేమున్నా పసివాడి మీద అంత బరువు పెట్టే హక్కు మనకు లేదని నా నమ్మకం.

ఆవిడతో ఆ మాట అనలేదు. "వాడి సంగతులు చెప్పండమ్మా" అన్నాను. చీకటి పడేదాకా చెప్పారు.