పారా సైనికులు: బడి పిల్లలు నన్ను అడిగేవి (అపోహలు - వాస్తవాలు)

విమానాల్లోంచి పారాచూట్‌తో దూకే పారా దళంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే బళ్లకు వెళ్లి మా దళాల చరిత్ర చెబుతుంటాను. ఏ బడికి వెళ్లినా పిల్లల అనుమానాలు మాత్రం అవే. అందుకే పిల్లలూ, మీ కోసం ఇక్కడ రాసి పెడుతున్నాను. పెద్దవాళ్లూ చదవొచ్చు. వాళ్లకూ ఇవే అనుమానాలుంటాయి, పైకి అడగరంతే.

అపోహ: విమానంలోంచి దూకాక తాడు లాగితే పారాచూట్ తెరుచుకుంటుంది.

అది ఎక్కువగా సినిమాల్లో. యుద్ధానికి గుంపుగా దూకేటప్పుడు ఎవరూ ఏమీ లాగరు. విమానం లోపల పైన ఒక ఉక్కు తీగ ఉంటుంది. వీపు మీది పారాచూట్ నుంచి వచ్చే పట్టీకి కొక్కెం ఉంటుంది. దాన్ని ఆ తీగకు తగిలించి, వరసలో తలుపు దాకా నడవాలి. దూకగానే పట్టీ బిగిసి, పారాచూట్‌ను సంచిలోంచి అదే బయటికి లాగేస్తుంది. మూడు నాలుగు సెకన్ల పని. అప్పటికీ తెరుచుకోలేదా, ఛాతీ మీద ఇంకో చిన్నది ఉంటుంది, చేత్తో లాగాల్సింది దాన్ని. దూకే ఎత్తు వెయ్యి అడుగుల పైచిలుకు మాత్రమే. ఇంకా పైనుంచి దూకితే గాలికి తలో దిక్కూ కొట్టుకుపోతారు, పైగా కింద ఉన్న శత్రువుకు గురిపెట్టే టైమ్ దొరుకుతుంది.

నేలకు దిగేటప్పుడు హీరోలా నిలబడాలని చూడకూడదు. పాదాలు, మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని పక్కకు దొర్లాలి. లేదంటే చీలమండ విరుగుతుంది.

అపోహ: పారా డివిజన్ అంటే మొత్తం ఒకేసారి ఆకాశం నుంచి దిగి గెలిచిన సైన్యం.

మన దేశపు కథ వింటే మీకే తెలుస్తుంది. 1941 అక్టోబరులో, బ్రిటిష్ హయాంలో, ఢిల్లీలో 50వ పారాచూట్ బ్రిగేడ్ పుట్టింది. బ్రిగేడ్ అంటే సుమారు 3,000 మంది అనుకోండి. బ్రిటిష్, భారతీయ, గూర్ఖా బెటాలియన్లు (కొన్ని వందల మందితో ఉండే దళాలు) ఒక్కొక్కటి అందులో ఉండేవి. 1944లో దీనితో పాటు మరికొన్ని దళాలను కలిపి 44వ ఇండియన్ ఎయిర్‌బోర్న్ డివిజన్‌ను ఏర్పాటు చేశారు. ఆ డివిజన్ మొత్తం కలిసి ఒక్కసారి కూడా దూకలేదు!

అంతకుముందే 1944 మార్చిలో 50వ బ్రిగేడ్ తన పెద్ద యుద్ధం చేసింది, అదీ నేల మీద. మణిపూర్ కొండల్లోని సాంగ్‌షాక్ అనే నాగా ఊళ్లో, కోహిమా వైపు వెళ్తున్న జపాన్ సేనలకు అడ్డుపడింది. కొండ మీద నీళ్లు లేవు. విమానాలు జారవిడిచిన సరుకుల్లో చాలా భాగం జపాన్ వాళ్ల వైపే పడింది. పారాచూట్‌తో దూకడం నేర్చిన మనుషులు, పారాచూట్ మీద వచ్చే నీళ్ల కోసం పైకి చూస్తూ కూర్చున్నారన్నమాట. మార్చి 26 రాత్రి అక్కడి నుంచి బయటపడ్డారు. కానీ ఆ కొద్ది రోజుల ఆలస్యం కోహిమా, ఇంఫాల్‌లలో మనవాళ్లు సర్దుకోవడానికి పనికొచ్చింది. నన్నడిగితే మా చరిత్రలో అన్నిటికంటే ముందు చెప్పాల్సింది సాంగ్‌షాక్ గురించే. పారాచూట్ మాకు బస్సులాంటిది, దిగాక అంతా నడకే.

ఆ బర్మా యుద్ధంలోనే ఇంకో వింత. సరుకులు దించడానికి పట్టు పారాచూట్లు చాలకపోతే, అక్కడి బ్రిటిష్ సేనాధిపతి జనరల్ స్లిమ్ మనుషులు కలకత్తాలో జనపనారతో కుట్టించారు. మామూలుదాని ఖరీదు 20 పౌండ్లు దాటితే, ఇది ఒక పౌండుకు కాస్త పైన! మనుషులకు మాత్రం వాడలేదు, భయపడకండి.

44వ డివిజన్ వాళ్లు అసలు యుద్ధంలో దూకింది 1945 మే 1న, రంగూన్ నది ముఖద్వారం దగ్గర ఎలిఫెంట్ పాయింట్‌లో. అదీ ఒక గూర్ఖా బెటాలియనే. అప్పటికే జపాన్ వాళ్లు రంగూన్ ఖాళీ చేశారు. అక్కడి జైల్లోని ఖైదీలు, వాళ్లు వెళ్లిపోయారని పైనుంచి విమానాలకు కనిపించేలా కప్పు మీద పెద్ద అక్షరాలతో రాశారు. 1947లో దేశంతో పాటు ఆ డివిజన్ కూడా చీలిపోయింది. ఇప్పుడు మనకు పారా డివిజన్ లేదు. 50వ బ్రిగేడ్ ఉంది, ఆగ్రాలో.

అపోహ: 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో, అక్కడి టాంగైల్‌లో మన పారా సైనికులు 5,000 మంది దిగారు.

అప్పట్లో విదేశీ పత్రికలు అలాగే రాశాయి. వాటికి అందిన ఫొటో పాత విన్యాసాలది! డిసెంబరు 11న నిజంగా దిగింది 2 పారా బెటాలియన్, దానికి తోడు కొన్ని ఫిరంగులు, అంతా కలిపి ఏడెనిమిది వందల మంది. పుంగ్లీ వంతెన పట్టుకుని, ఢాకా వైపు వెనక్కి వెళ్తున్న పాకిస్తాన్ సేనల దారి మూసేశారు. అక్కడక్కడా పడిన సామాను ఏరడానికి ఊళ్ల జనం సాయపడ్డారు. పత్రికల్లో వచ్చిన ఆ అంకెను మనవాళ్లు ఖండించలేదు. అవతలివాళ్లకు టెన్షన్ పెరిగితే మనకేం నష్టం?

అపోహ: మెరూన్ టోపీ పెట్టుకున్నవాళ్లందరూ కమాండోలే. ధోనీ కూడా.

కాదు. పారా దళాలన్నీ మెరూన్ బెరె పెట్టుకుంటాయి. వాటిలో స్పెషల్ ఫోర్సెస్ (కమాండోలంటే వీళ్లే) వేరు, ఎంపికా వేరు. 2019 ప్రపంచకప్‌లో ధోనీ గ్లోవ్స్ మీద కనిపించిన ‘బలిదాన్’ చిహ్నం వాళ్లది. ధోనీ 2011లో టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు. 2015లో ఆగ్రాలో ఐదు జంపులు చేసి వింగ్స్ (పారాచూట్‌తో దూకడం నేర్చినవాళ్లకిచ్చే రెక్కల బ్యాడ్జి) సంపాదించుకున్నాడు. ఆ వింగ్స్ ఎవరూ ఊరికే ఇవ్వరు.

అపోహ: పారా సైనికుడంటే తుపాకీ పట్టినవాడే.

డాక్టర్లు కూడా దూకుతారు. మొట్టమొదట పారాచూట్‌తో దూకిన భారతీయుల్లో ఒకరు లెఫ్టినెంట్ ఎ.జి. రంగరాజ్, ఆయన డాక్టరే. 1950లో కొరియా యుద్ధానికి మన దేశం పంపిన 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్‌కు (యుద్ధరంగంలో వైద్యం చేసే యూనిట్) ఆయనే నాయకుడు. 1951 మార్చిలో అమెరికా పారా సైనికులతో కలిసి ఈ యూనిట్ నుంచి 12 మంది మున్సాన్ దగ్గర దూకి, గాయపడ్డవాళ్లకు అక్కడే చికిత్స చేశారు. రంగరాజ్‌కు మహావీర్ చక్ర వచ్చింది.