స్కాన్‌లో రక్తం కనిపిస్తుంది, టైము కనిపించదు

పరకాల వైపు పనిచేసే ఒక అంగన్‌వాడీ టీచర్ నన్నడిగిన ప్రశ్న ఇది. "సార్, రెండేండ్ల పిల్లగాడు పొద్దున సెంటర్‌కు వచ్చినప్పుడు మంచిగనే ఉన్నడు. పదకొండు గంటలకు వాంతి చేసుకుని మత్తుగ పడుకున్నడు. దవాఖానకు తీస్కపోతే తలల రక్తం ఉన్నదన్నరు. మా దగ్గర పడలే, మేం కొట్టలే. అందరు పిల్లలను చూసుకునే మా ఆయమ్మనే అంటున్నరు. దెబ్బ ఎప్పుడు తాకిందో స్కాన్ల తెలుస్తది కద సార్?"

స్కాన్ మీద ఆమె పెట్టుకున్న నమ్మకం చూసి నాకు భయమేసింది. ఎందుకంటే అదే స్కాన్‌ను పట్టుకుని ఎవరైనా "ఈ దెబ్బ ఈ రోజుదే" అనేయొచ్చు. అలా అన్నప్పుడు ఆయమ్మ మాట వినేదెవరు?

ఊళ్ళో వాళ్ళు ఆయమ్మను అనుమానించడానికి ఒకే ఒక్క కారణం: పిల్లవాడు స్పృహ తప్పినప్పుడు ఆమె చేతుల్లో ఉన్నాడు. ఈ అనుమానం వెనుక ఒక లెక్క ఉంది. తలకు పెద్ద దెబ్బ తగిలితే పిల్లలు వెంటనే పడిపోతారు, కాబట్టి పడిపోయినప్పుడు దగ్గరున్న వాళ్ళే చేశారని. చాలా ఏళ్ళు డాక్టర్లు కూడా కోర్టుల్లో ఇలాగే చెప్పారు.

2001లో జాన్ ప్లంకెట్ అనే అమెరికన్ ఫోరెన్సిక్ డాక్టర్ ఈ లెక్కను పరీక్షకు పెట్టాడు. ఆట పరికరాల దగ్గర జరిగిన ప్రమాదాల రికార్డులు 75,000 దాకా వెతికితే, పడటం వల్ల తలకు దెబ్బ తగిలి చనిపోయిన పిల్లలు 18 మంది దొరికారు. రెండడుగుల నుంచి పది అడుగుల ఎత్తులోపు నుంచి పడినవాళ్ళే అందరూ. అంత పెద్ద రికార్డులో 18 అంటే ఇలాంటి చావు చాలా అరుదు, అది మరచిపోకూడదు. కానీ ఆ 18 మందిలో 12 మంది పడిన తర్వాత కొంతసేపు తెలివిగానే ఉన్నారు. ఒక 23 నెలల పాప ప్లాస్టిక్ ఆట సెట్టు ఎక్కి, కమ్మీ మీద కూర్చుని, పట్టు తప్పి తలకిందులుగా పడింది. పాదాలు నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. కింద సిమెంటు నేల, దాని మీద సెంటీమీటరు మందం కార్పెట్ ముక్క. నాయనమ్మో అమ్మమ్మో వీడియో తీస్తూ ఉంది కాబట్టి అంతా రికార్డయింది. పాప ఏడ్చింది, మాట్లాడింది. ఐదు నిమిషాల తర్వాత వాంతి చేసుకుని మత్తులోకి వెళ్ళింది. తర్వాత చనిపోయింది. వీడియో లేకుంటే ఆ ముసలామె మాట ఎందరు నమ్మేవారు?

అంత చిన్న ఎత్తుకు అంత దెబ్బ ఎలా అంటే, లెక్క చాలా సులువు. పడిన ఎత్తును, తల ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి. మీటరు ఎత్తు నుంచి పడిన తల సెంటీమీటరులో ఆగితే సగటున 100 జీ, అంటే భూమ్యాకర్షణకు వంద రెట్ల త్వరణం. అర సెంటీమీటరులో ఆగితే 200 జీ. ఇసుకలో పడి ఐదు సెంటీమీటర్లు దిగబడితే 20 జీ మాత్రమే. మన ఇళ్ళల్లో తాండూరు బండలు, గ్రానైటు, గచ్చు. ఇవి ఒక్క మిల్లీమీటరు కూడా లొంగవు. లొంగాల్సిందల్లా పిల్లవాడి నెత్తే.

ఇక రక్తం సంగతి. మెదడు ఉపరితలం నుంచి పైపొరలోని పెద్ద సిరలకు వెళ్ళే సన్నటి సిరలుంటాయి. తల ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడు కదిలి అవి తెగుతాయి. డ్యూరా అనే ఆ పైపొర కింద రక్తం చేరుతుంది. దీన్నే సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. ధమని తెగినట్టు చిమ్మదు, సిర కాబట్టి ఊరుతుంది. కొందరిలో నిమిషాల్లో, కొందరిలో గంటల్లో, కొందరిలో రోజుల్లో బయటపడుతుంది.

సీటీ స్కాన్ దీన్ని ఎలా చూస్తుంది? గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ 1971లో లండన్‌లో మొదటి రోగి తలను స్కాన్ చేసినప్పటి నుంచి పద్ధతి ఒకటే: ఎక్స్‌రేను ఎంత ఆపితే అంత తెల్లన. ఆయన పేరుతోనే కొలత ఉంది. నీళ్ళు 0, మెదడు ఇంచుమించు 30-40, గడ్డకట్టిన తాజా రక్తం 60-80. రక్తం తెల్లగా కనిపించేది అందులోని ఇనుము వల్ల అనుకుంటారు. కాదు, ప్రధానంగా హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ అనే ప్రోటీన్ వల్ల. రోజులు గడిచేకొద్దీ ఆ ప్రోటీన్ విరిగి కరిగిపోతుంది, తెలుపు తగ్గుతుంది. పాఠ్యపుస్తకంలో ఉండే సూత్రం ఇది: మొదటి కొన్ని రోజులు తెలుపు, ఒకటి నుంచి మూడు వారాలకు మెదడు రంగు, ఆ తర్వాత నలుపు. చూడటానికి గడియారంలాగే ఉంది.

ఇప్పుడు చిలికి పక్కన పెట్టిన మజ్జిగ కుండను చూడండి. చిక్కటిది అడుగుకు దిగుతుంది, తేట పైకి తేలుతుంది. ఆ తేటను చూసి మజ్జిగ ఎప్పుడు చిలికారో చెప్పగలరా? ముందు పెరుగు ఎంత చిక్కగా ఉందో తెలియాలి. నీళ్ళెన్ని పోశారో తెలియాలి. మధ్యలో ఎవరైనా తాజాగా చిలికిన మజ్జిగ కలిపారేమో తెలియాలి. ఈ మూడూ తలలోపల కూడా జరుగుతాయి.

నీళ్ళతో మొదలుపెడదాం. మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని పట్టి ఉంచే పలచటి పొర దెబ్బకు చిరిగితే, ఆ ద్రవం రక్తంలో కలుస్తుంది. రక్తం పలచబడి స్కాన్‌లో నల్లగా కనిపిస్తుంది. దెబ్బ ఆ రోజుదే అయినా పాతదిలా ఉంటుంది. నలుపు తెలుపు రెండూ పక్కపక్కన ఉంటే "రెండుసార్లు కొట్టారు, ఒకటి పాతది, ఒకటి కొత్తది" అని రాసేస్తారు. ఒకే దెబ్బ, పలచబడిన రక్తం ఒక వైపు, గడ్డ ఒక వైపు కావచ్చు. రక్తకణాలు కిందికి దిగి తేట పైకి తేలినా అదే బొమ్మ వస్తుంది.

తాజా మజ్జిగ కలపడం అంటే మళ్ళీ కారడం. పాత రక్తం చుట్టూ వారాల్లో ఒక పొర కడుతుంది. అందులో కొత్తగా పుట్టే రక్తనాళాలు చాలా బలహీనం. అవి చిన్న తగులుకే, ఒక్కోసారి అసలు తగలకుండానే, మళ్ళీ కారుతాయి. పిల్లవాడు ప్రాణాపాయంలో పడటానికి ఆ కారడం ఒక్కటే చాలుతుందా అన్నది డాక్టర్ల మధ్య ఇప్పటికీ పెద్ద గొడవ. కానీ కారుతుందన్నది మాత్రం నిజం.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది పెరుగు చిక్కదనం. తెలుపంతా హిమోగ్లోబిన్‌ది అయితే, హిమోగ్లోబిన్ తక్కువున్న పిల్లవాడి తాజా రక్తం తెల్లగా ఎందుకుంటుంది? బాగా రక్తహీనత ఉన్నవాళ్ళలో అప్పుడే కారిన రక్తం కూడా మెదడు రంగులో కలిసిపోయి, రెండు వారాల పాతదిలా కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరికీ తీవ్రంగా ఉండదు, నిజమే. కానీ స్కాన్ రిపోర్టు పక్కన పిల్లవాడి హిమోగ్లోబిన్ అంకె లేకుండా రక్తం వయసు చెప్పేవాళ్ళను నేను నమ్మను. పైగా ఏటూరునాగారం లాంటి చోటు నుంచి వరంగల్ పెద్ద దవాఖానకు సుమారు వంద కిలోమీటర్లు. దారిలో గడిచిన టైము కూడా ఆ రంగులో కలిసే ఉంటుంది.

పడిపోయినప్పుడు దగ్గరున్న వాళ్ళే చేశారనే లెక్కకు మూల్యం కట్టిన మనిషి ఒకరున్నారు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆడ్రీ ఎడ్మండ్స్ అనే ఆవిడ ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. 1995లో ఏడు నెలల పాప ఆమె దగ్గర ఉండగా కుప్పకూలి చనిపోయింది. 1996లో కోర్టు ఆడ్రీని దోషి అంది, 18 ఏళ్ళ శిక్ష పడింది. అప్పుడు ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెప్పిన ఫోరెన్సిక్ డాక్టరే తర్వాత అభిప్రాయం మార్చుకుని, దెబ్బ తగిలాక పాప కొంతసేపు మామూలుగా ఉండే అవకాశం ఉందని కోర్టుకు వచ్చి చెప్పాడు. 2008లో పైకోర్టు మళ్ళీ విచారణ జరపమంది, ప్రభుత్వం కేసు వదులుకుంది. అప్పటికి పదేళ్ళకు పైగా ఆమె జైల్లో గడిపింది.

పిల్లల్ని కొట్టేవాళ్ళు లేరని నేననడం లేదు. ఉన్నారు. పక్కటెముకలు విరగడం, వేళ్ళ ఆకారంలో కమిలిన గుర్తులు, వేర్వేరు కాలాల్లో విరిగి అతుక్కున్న ఎముకలు, ఇవి గట్టి సాక్ష్యాలు. వాటిని వెతకాలి. అలాగే రక్తం గడ్డకట్టే పరీక్షలు చేయాలి. మన దగ్గర మేనరికాలు ఎక్కువ కాబట్టి గ్లుటారిక్ అసిడ్యూరియా అనే జన్యు లోపం కోసం మూత్ర పరీక్ష కూడా చేయించాలి. ఆ పిల్లలకు తల పెద్దగా ఉండి, చిన్న తగులుకే లోపల రక్తం కారుతుంది. ఈ పరీక్షలేవీ చేయకుండా ఒక ఆడమనిషిని పోలీస్ స్టేషన్‌కు పిలిపించడం అన్యాయం.

పుర్రెలో 22 ఎముకలని బడిలో బట్టీ పట్టిస్తాం. తల తగిలితే ఏం గమనించాలో ఒక్క పేజీ చెప్పం. అందుకే బొప్పి కట్టగానే పసుపు పెట్టి, మత్తుగా ఉంటే దిష్టి తగిలిందని ఉప్పు మిరపకాయలు తిప్పుతూ విలువైన గంట పోగొడతాం. వాంతులు ఆగకపోయినా, లేపితే సరిగ్గా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, కంటిపాపలు ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా ఉన్నా, మాడు ఉబ్బినా, చెవిలోంచి ముక్కులోంచి రక్తమో నీళ్ళో కారినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. సెంటర్లలో ఇంకో పని కూడా చేయొచ్చు. పొద్దున పిల్లల్ని దింపేటప్పుడే తల్లిని "నిన్న మొన్న ఎక్కడన్నా పడ్డడా?" అని అడిగి, నెత్తి తడిమి చూసి, తేదీ, టైము, కనిపించిన బొప్పి హాజరు పుస్తకం పక్కనే ఒక నోటుబుక్కులో రాసి, తల్లితో సంతకం పెట్టించుకోవాలి. సాయంత్రం అప్పగించేటప్పుడు కూడా అంతే.