ఒక్క చుక్క నెత్తురు చాలు

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. నాయనమ్మ మీటరుతో షుగర్ చూసుకుంటున్నప్పుడు "ఇంత చిన్న చుక్కలో చక్కెర ఎంత ఉందో దీనికెలా తెలుస్తుంది?" అని మీరు అడిగారు. ఆ రోజు హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆసుపత్రి ల్యాబులో పనిచేసినవాణ్ణి కనుక ఈ సంగతి మీకు వివరంగా చెప్పాలని ఉంది.

ముందు మీటరులో పెట్టే ఆ సన్నని పట్టీ, అంటే స్ట్రిప్, కొసను దగ్గరగా చూడండి. సన్నని చీలిక కనిపిస్తుంది. దాన్ని చుక్క అంచుకు ఆనిస్తే చాలు, వత్తి నూనెను పీల్చుకున్నట్టు నెత్తురు తనంతట తానే లోపలికి పాకుతుంది. ఇప్పటి స్ట్రిప్పులకు చాలావరకు ఒక మైక్రోలీటరు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు, అంతకన్నా తక్కువ నెత్తురైనా సరిపోతుంది. లోపల పూసి ఆరబెట్టిన ఎంజైమ్ (రసాయన చర్యను వేగంగా జరిపించే ప్రోటీన్) నెత్తురులోని చక్కెర అయిన గ్లూకోజ్‌తో చర్య జరుపుతుంది. ఆ చర్యలో ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. మీటరు ఆ కొద్దిపాటి విద్యుత్తును కొలిచి అంకెగా చూపిస్తుంది. గ్లూకోజ్ ఎక్కువుంటే విద్యుత్తూ ఎక్కువే. అన్నట్టు, మామిడిపండు తిన్న చేతిని కడుక్కోకుండా పరీక్ష చేస్తే వేలికి అంటిన చక్కెర కూడా చుక్కలో కలిసి అంకె పెరిగిపోతుంది. నాయనమ్మ ముందుగా చేతులు కడుక్కుని తుడుచుకునేది అందుకే.

పాత రోజుల్లో ఇంత సులువు కాదు. పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల బెనెడిక్ట్ అనే నీలి ద్రావణం పోసి, 8 చుక్కల మూత్రం వేసి మరిగించేవాళ్లం. నీలం అలాగే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకు వచ్చిందంటే చాలా ఎక్కువ ఉన్నట్టు. ఆ రంగులు చూడముచ్చటగా ఉండేవి కానీ, గ్లూకోజ్ ఒక్కదానికే కాదు, బాలింతల మూత్రంలో ఉండే పాల చక్కెర లాక్టోజ్‌కూ అవే రంగులు వచ్చేవి.

ఆ చిక్కు తీర్చినవారు అమెరికాలోని ఎల్కార్ట్ పట్టణంలో, మైల్స్ ల్యాబొరేటరీస్‌లో పనిచేసిన హెలెన్ ఫ్రీ, ఆల్ఫ్రెడ్ ఫ్రీ దంపతులు. 1956లో వచ్చిన వారి క్లినిస్టిక్స్ కాగితపు పట్టీని మూత్రంలో ముంచి తీస్తే చాలు. అందులోని మొదటి ఎంజైమ్ గ్లూకోజ్‌ను పట్టుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. రెండో ఎంజైమ్ దాని సాయంతో పట్టీలోని రంగు పదార్థాన్ని నీలంగా మారుస్తుంది. మంట అక్కర్లేదు, పరీక్షనాళిక అక్కర్లేదు. రెండు ఎంజైములనూ ఒకే కాగితం మీద ఆరబెట్టి, తడి తగలగానే మళ్లీ పనిచేసేలా నిలపడం ఎంత గొప్ప పనో ల్యాబులో పనిచేసిన నాకు బాగా తెలుసు.

1960లలో నెత్తురుకూ పట్టీ వచ్చింది. దాని మీద చుక్క వేసి, ఒక నిమిషం ఆగి, నీళ్లతో కడిగి, సీసా మీది రంగులతో పోల్చాలి. ఒకరి కంటికి కనిపించిన రంగు మరొకరికి కనిపించకపోవచ్చు కదా! అందుకే పట్టీ నుంచి వెనక్కి వచ్చే కాంతిని కొలిచే మీటరును ఆంటన్ క్లెమెన్స్ తయారుచేశారు. 1970 ప్రాంతంలో అమ్మకానికి వచ్చిన ఆ మీటరు కిలోకు పైగా బరువుండేది. దాన్ని డాక్టర్లకు, ఆసుపత్రులకు తప్ప రోగులకు అమ్మేవారు కాదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన కథ ఇక్కడే ఉంది. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరుకు 12 ఏళ్ల వయసు నుంచే మధుమేహం. ఆయన భార్య డాక్టరు కావడంతో ఆమె పేరు మీద మీటరు తెప్పించుకున్నారు. రోజుకు ఎన్నోసార్లు తన నెత్తురు తానే పరీక్షించుకుంటూ, తిండినీ ఇన్సులిన్‌నూ దాన్నిబట్టి సర్దుకుంటూ, చక్కెరను అదుపులోకి తెచ్చుకున్నారు. రోగులు ఇంట్లోనే ఈ పరీక్ష చేసుకోవచ్చని రాసి పంపితే వైద్య పత్రికలు వేసుకోలేదు. ఇంజనీరు మాట ఎవరు వింటారు? చివరికి 1979లో, 45 ఏళ్ల వయసులో, ఆయన వైద్య కళాశాలలో చేరారు. డాక్టరై, మధుమేహ రోగులకే వైద్యం చేశారు.

ఇంకా సందేహాలుంటే ఉత్తరం రాయండి.

మీ తాతయ్య